ఆర్నెల్ల గూడు, ఏళ్ళ కాపురం

శరణార్థి శిబిరాల ఫొటోలు పత్రికల్లో చూసినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "వాళ్ళొచ్చి ఇన్నేళ్ళయింది కదా, ఇంకా ఆ బరకాల కిందే ఎందుకున్నారు? అంత సాయం వస్తోందంటారు, నాలుగు ఇటుకలు పేర్చి గదులు కట్టలేరా?" అడిగేవాళ్ళలో కొందరిది జాలి, కొందరిది అనుమానం. ప్రశ్న మాత్రం న్యాయమైనదే. దీనికి జవాబు వెతుకుతూ పోతే ఎండ, గాలి, వాన, మట్టి, పుప్పి పురుగు అన్నీ దారిలో తగుల్తాయి. చివరికి వెళ్ళి ఒక ప్రభుత్వ నిర్ణయం దగ్గర ఆగుతాం.

ఈ అధ్యాయంలో ఎక్కువసేపు ఒకేచోట ఉందాం. అది బంగ్లాదేశ్ ఆగ్నేయపు కొసన ఉన్న కాక్స్ బజార్ జిల్లా. 2017 ఆగస్టు 25 తర్వాత మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైన్యం చేతిలో ఊళ్ళకు ఊళ్ళు తగలబడిపోతే, కొద్ది నెలల్లోనే ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి ఇక్కడికి వచ్చిపడ్డారు. 1978లో, 1991-92లో తరిమివేతకు గురై వచ్చి ఇక్కడే మిగిలిపోయినవాళ్ళు అప్పటికే కొందరున్నారు. ఉఖియా, టెక్నాఫ్ అనే రెండు ఉపజిల్లాల్లో కలిపి 33 శిబిరాలు, పది లక్షలకు పైగా జనం. వాటిలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్న కుటుపలాంగ్-బాలుఖాలి శిబిరాలు దాదాపు 13 చదరపు కిలోమీటర్లలో ఆరు లక్షలకు పైగా మనుషుల్ని మోస్తున్నాయి. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద శరణార్థి శిబిరం లేదు.

మనిషికి ఎంత చోటు?

తలదాచుకోవడం అన్నది కొలవగల విషయమే. సహాయ సంస్థలన్నీ 1997లో మొదలుపెట్టి కలిసి రాసుకున్న స్ఫియర్ ప్రమాణాలనే పుస్తకం ఒకటుంది. అందులో కప్పు కింద మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలని ఉంది. అంటే ఇంచుమించు ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. వంటకూ స్నానానికీ కావలసిన చోటు ఇందులో లేదు. వేడి ప్రాంతాల్లో కప్పు నేలకు 2.6 మీటర్ల ఎత్తున ఉండాలి, ఎందుకంటే వేడెక్కిన గాలి పైకి పోతుంది. కప్పు తలకు తగిలేంత కిందికుంటే ఆ వేడిగాలి మన మొహం మీదే ఆగుతుంది.

గుడిసె లోపల కొలతకంటే గుడిసెల మధ్య కొలత ఇంకా ముఖ్యం. దారులు, కాలువలు, మరుగుదొడ్లు, బడి, ఆసుపత్రి అన్నీ కలుపుకుని శిబిరంలో తలకు 45 చదరపు మీటర్లు ఉండాలంటుంది అదే పుస్తకం. ఇప్పుడు కుటుపలాంగ్ లెక్క వేసి చూడండి. 13 చదరపు కిలోమీటర్లను ఆరు లక్షలతో భాగిస్తే 22 చదరపు మీటర్లు కూడా రావు. అందులోనూ నిలువు వాలులు, వాన వస్తే మునిగే పల్లాలు, ఎవరూ కాపురం పెట్టలేని చోట్లు ఉన్నాయి. వాటిని తీసేస్తే మిగిలేది ఇంకెంతో తక్కువ.

ఈ ఇరుకు అంకెల్లోనే ఉండిపోదు. 2017 చివర్లో ఆ శిబిరాల్లో డిఫ్తీరియా చెలరేగి వేలమందికి సోకింది. టీకాలు అందక పెరిగిన పిల్లలు, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా పడుకోవలసిన గదులు, ఈ రెండూ కలిశాయి. వైద్యుడు రాసే మందుకీ వడ్రంగి వేసే గుంజకీ మధ్య దూరం మనం అనుకునేంత ఉండదు.

ఆడవాళ్ళకు ఈ ఇరుకు మరో రకంగా తగుల్తుంది. రోహింగ్యా కుటుంబాల్లో చాలామంది స్త్రీలు పగటిపూట బయట తిరగరు. మగవాళ్ళు చెట్టు కిందికో టీ కొట్టు దగ్గరికో పోయి గాలి పీల్చుకుంటారు. ఆడవాళ్ళు ఆ బరకం కిందే రోజంతా వండాలి, పిల్లకు పాలివ్వాలి, బట్ట మార్చుకోవాలి. మధ్యలో ఒక తడిక అడ్డం పెట్టడానికి చోటుంటేనే ఇవన్నీ మర్యాదగా సాగుతాయి. తలుపుకు లోపలి గడియ లేకపోయినా, మరుగుదొడ్డి దారిలో దీపం లేకపోయినా, రాత్రి బయటికి వెళ్ళాల్సి వస్తుందన్న భయంతో సాయంత్రం నుంచీ నీళ్ళు తాగడం మానేసేవాళ్ళుంటారు. గడియ ఖరీదెంత? దాన్ని జాబితాలో చేర్చడం మర్చిపోయినవాళ్ళను నేను తేలిగ్గా క్షమించలేను.

బరకం, బొంగు, తాడు

శరణార్థి చేతికి మొదట అందేది ఒక బరకం. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే బరకం నాలుగు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉంటుంది. బరువు నాలుగు కిలోలకు అటూఇటూ. చూడ్డానికి ధాన్యం కుప్పల మీద రైతులు కప్పేదానిలాగే ఉన్నా దాన్ని తయారుచేసే తీరు వేరు. పాలిథిన్ దారాలను నేసి, ఆ నేతకు రెండువైపులా మెత్తటి పాలిథిన్ పూత పోస్తారు. పాలిథిన్‌కు పెద్ద శత్రువు ఎండలోని అతినీలలోహిత కిరణాలు. ప్లాస్టిక్ అంటే పొడవాటి అణుగొలుసులు. ఆ కిరణాలు వాటిని తుంచేస్తూ పోతాయి. తుంపులు ఎక్కువైనకొద్దీ బరకం పెళుసెక్కి, ఒకరోజు గాలికి పర్రున చిరుగుతుంది. దీన్ని కొంతకాలం ఆపడానికి తయారీలోనే ఎండను తట్టుకునే మందు కలుపుతారు. కలిపినా దాని ఆయుష్షు ఏడాది, మహా అయితే రెండేళ్ళు.

పైకి తెల్లగా ఉండే ఆ బరకంలో లోపలి నేత మాత్రం నల్ల దారాలతో ఉంటుంది. కావాలనే అలా నేస్తారు. వెలుతురు చొరబడే పట్ట అయితే రాత్రి లోపల దీపం పెట్టగానే మనుషుల నీడలు గోడ మీద పడి, బయట తిరిగేవాళ్ళకు కనబడతాయి. ఎవరు పడుకున్నారు, ఎవరు బట్ట మార్చుకుంటున్నారు అన్నీ తెలిసిపోతాయి. నల్ల దారం ఆ నీడను ఆపుతుంది. ఇంత ఆలోచన ఉన్న వస్తువు కాబట్టే దాన్ని ఉత్త ప్లాస్టిక్ అని తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు.

బరకం వానను ఆపుతుంది గానీ వేడిని ఆపలేదు. పలచటి పొర కాబట్టి ఎండకు వెంటనే కాగి, ఆ వేడిని కిందికి విరజిమ్ముతుంది. లోపలి గాలిని మించి కప్పే మనల్ని కాలుస్తుంది. దీన్నే వికిరణం అంటారు. విరుగుడు సులువే. బరకానికీ మనిషికీ మధ్య ఇంకో పొర ఉండాలి, ఆ రెండు పొరల మధ్య గాలి ఆడే సందుండాలి. బరకం కింద వెదురు తడిక పరిచినా, పైన నీడ వల కట్టినా ఉపశమనం ఉంటుంది. ఎదురెదురుగా రెండు కిటికీలుంటే ఇంకా మంచిది. వెదురు గోడలు, ఆకు కప్పులతో రఖైన్‌లో వాళ్ళు కట్టుకున్న ఇళ్ళలో ఈ చల్లదనం ఉండేది. ఆకుల పొరల్లో చిక్కుకున్న గాలే అక్కడ వేడిని అడ్డుకునేది. శిబిరంలో ఆకు కప్పులు వెయ్యాలంటే మాత్రం నిప్పు భయం అడ్డొస్తుంది.

ఇక గాలి సంగతి. పెళ్ళి శామియానా కింద కూర్చున్నప్పుడు ఈదురుగాలి వస్తే ఏమవుతుందో మనందరం చూసిందే. ముందు గుడ్డ మీదికి ఉబ్బుతుంది. ఒక మూల గుంజ నేలలోంచి కదులుతుంది. ఎవరో పరుగెత్తుకెళ్ళి ఆ తాడు పట్టుకుంటారు. అంతలో రెండో మూల లేస్తుంది. గమనించారా, శామియానాను గాలి నేలకేసి అణచదు, ఆకాశంలోకి ఎత్తుతుంది. కప్పు మీదుగా పోయే గాలి వేగం పుంజుకుంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. కింద ఒత్తిడి తగ్గదు సరికదా, తెరిచిన పక్కనుంచి దూరిన గాలి లోపల చేరి ఇంకా పైకి తోస్తుంది. ఈ రెండూ కలిసి పుట్టేదే ఎత్తుడు బలం, ఇంజనీర్ల మాటలో అప్‌లిఫ్ట్. శామియానా వాళ్ళు నాలుగు పక్కలా కట్టిన గుడ్డ గోడల్లో గాలి వచ్చే వైపుది ఊడగానే మొత్తం పైకి లేస్తుంది చూడండి, గుడిసె తలుపు విరిగిపడినప్పుడూ జరిగేది అదే. శామియానా లేచిపోతే భోజనాలు ఆగుతాయి, అంతే. గుడిసె కప్పు లేచిపోతే వానలో పసిపిల్లలు మిగుల్తారు.

ఈ బలం ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల గాలికి చదరపు మీటరుకు 45 కిలోలకు పైగా ఒత్తిడి పుడుతుంది. 20 చదరపు మీటర్ల బరకం మీద లెక్కిస్తే తొమ్మిది వందల కిలోలు. దాని కింద ఉన్నది నాలుగు కిలోల ప్లాస్టిక్కు, కాసిని బొంగులు. గాలి వేగం సగానికి తగ్గితే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే మామూలు ఈదురుగాలిని తట్టుకున్న గుడిసె తుపాను రోజు ఉన్నట్టుండి ఎగిరిపోతుంది. కాక్స్ బజార్ తీరానికి తుపానులు కొత్త కాదు. 2023 మే 14న మోఖా తుపాను పొరుగున రఖైన్‌లోని సిత్వే దగ్గర తీరం దాటి, అక్కడ సొంత దేశంలోనే శిబిరాల్లో మగ్గుతున్న రోహింగ్యాల గుడిసెల్ని నేలమట్టం చేసింది. కాక్స్ బజార్ శిబిరాల్లోనూ వేల గుడిసెలు దెబ్బతిన్నాయి.

గాలితో నెగ్గడానికి గోడల బరువు లేకపోయినా తాడు ఉంది, ముడి ఉంది. 2018 వానాకాలానికి ముందు శిబిరాల్లో ఇంటింటికీ బిగింపు సామాను పంచారు. కప్పు మీదుగా వేసి రెండువైపులా నేలకు బిగించే తాళ్ళు, దిగ్గొట్టే మేకులు వగైరా. రెండు వాలుల కప్పుకంటే నాలుగువైపులా వాలు ఉన్న కప్పు గాలిని బాగా జార్చేస్తుంది. చూరు మరీ బయటికి చాచితే దాన్ని పట్టుకునే గాలి కప్పు మొత్తాన్ని లేపుతుంది. పాతే గుంజ అడుగున అడ్డంగా ఒక ముక్క కట్టి మట్టి దిమ్మిస్తే అది తేలిగ్గా ఊడిరాదు. మన తీరప్రాంతపు ఊళ్ళలో పాక వేసే పెద్దలకు ఇవన్నీ చేతి అలవాటుగా తెలిసినవే. శిబిరంలో కూడా ఇవి నేర్పినవాళ్ళలో చాలామంది రోహింగ్యా వడ్రంగులే.

పుప్పి పురుగుతో పందెం

ఇప్పుడు బొంగు దగ్గరికొద్దాం. ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన భాగం ఇదే.

కాక్స్ బజార్‌లో వాడే వెదురు రెండు రకాలు. బొరాక్ అనేది లావుగా, మందంగా ఉంటుంది, గుంజలకు పనికొస్తుంది. ములి అనేది సన్నది, వాసాలకూ తడికలకూ వాడతారు. 2017లో లక్షలమంది ఒక్కసారిగా వచ్చిపడేసరికి వెదురు లారీలకు లారీలు దిగింది. ముదిరిందా లేతదా, ఏ కాలంలో నరికారు, ఎండిందా పచ్చిదా అని చూసే తీరిక ఎవరికీ లేదు. కొద్ది నెలలకే గుంజల మొదట్లో లేత పసుపురంగు మెత్తటి పొడి రాలడం కనిపించింది. వేలితో నొక్కితే గట్టిగానే ఉన్నట్టుండే బొంగు, బరువు మోపగానే పుటుక్కుమంటుంది.

ఆ పొడి పుప్పి పురుగు పని. బంగ్లాలో దాన్ని ఘూణ్ అంటారు. బియ్యపు గింజకంటే చిన్నదైన ఆ పురుగు, నరికిన కొస దగ్గరో కణుపు దగ్గరో దూరి గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోపలే సొరంగాలు తవ్వుకుంటూ తింటాయి. వాటికి కావలసింది వెదురులో నిల్వ ఉండే పిండి పదార్థం, స్టార్చి. లేత వెదురులో ఇది ఎక్కువ. నరికే కాలాన్నిబట్టి కూడా మారుతుంది. మన పల్లెల్లో బొంగుల్ని కొన్నాళ్ళపాటు చెరువులో ముంచి ఉంచి తర్వాత వాడటం వెనక ఉన్న కారణం ఇదే. నీటిలో ఆ పిండి పదార్థం పులిసి, కరిగి పోతుంది. తిండి లేని ఇంటికి పురుగు రాదు.

లక్షల బొంగుల్ని చెరువుల్లో నానబెట్టే వీలు లేక, శిబిరాల దగ్గర వెదురుశుద్ధి కేంద్రాలు పెట్టారు. అక్కడి పద్ధతి చూడ్డానికి తేలికగా ఉంటుంది. వెదురు లోపల కణుపు కణుపుకూ ఒక పొర అడ్డం ఉంటుంది గనక, మందు లోపలికి పోయేలా ముందు వాటికి బెజ్జాలు చేస్తారు. తర్వాత పెద్ద తొట్లలో వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు నింపి, బొంగులు తేలకుండా బరువు పెట్టి కొన్ని రోజులు నాననిస్తారు. కంసాలులు లోహం కరిగించేటప్పుడు వాడే వెలిగారమే ఇది. ఆ ఉప్పు బొంగు గోడల్లోకి ఇంకుతుంది. తర్వాత దూరిన పురుగు ఆ పిండిని తిన్నా అరిగించుకోలేదు. మనుషులకు దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు, తీవ్రమైన పురుగుమందులతో ఆ భరోసా ఉండదు.

దీనికి ఒక లోపం ఉంది. నీళ్ళలో కరిగి ఎక్కిన ఉప్పు నీళ్ళలోనే కరిగి దిగిపోతుంది. శుద్ధి చేసిన బొంగును తడి నేలలో పాతితే వానకు మందంతా మట్టిలోకి పోయి, పురుగుకు తోడు చెదలూ కుళ్ళూ వచ్చి చేరతాయి. అందుకని గుంజకు నేల తగలకూడదు. ఇనుముతోనో, ముందే పోసిన సిమెంటు దిమ్మెతోనో చేసిన పాదం ఒకటి నేలలో ఉండి, బొంగు దానికి బిగించి ఉండాలి. అంటే వెదురు పైన, తడి కింద, మధ్యలో జానెడు ఇనుము. ఇంత చిన్న ముక్కతో గుంజ ఆయుష్షు నెలల నుంచి ఏళ్ళలోకి మారిపోతుంది.

ఆ ముక్క కోసం సహాయ సంస్థలు చాలాకాలం బతిమాలుకోవలసి వచ్చింది. ఏటా పుచ్చిన బొంగులు పీకి కొత్తవి నాటడానికి అయ్యే ఖర్చు, దానికోసం బంగ్లాదేశ్ కొండల్లో నరికే వెదురు, అన్నీ కలిపి చూస్తే ఒక్కసారి పాదం వెయ్యడమే చౌక. ఆ లెక్క అందరికీ అర్థమైనా నిర్ణయం మాత్రం లెక్కను బట్టి జరగలేదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

కొండ జారితే, నిప్పంటుకుంటే

గుడిసె బాగున్నా కింద నేల బాగుండాలి కదా. ఉఖియా కొండలు రాతి కొండలు కావు, ఇసుకా బంకమన్నూ కలిసిన గుట్టలు. వాటిమీద అడవి ఉండేది. గుడిసెల కోసం చెట్లు కొట్టారు, తర్వాత వంటచెరకు కోసం మోళ్ళు తవ్వారు, ఇంకా తర్వాత వేళ్ళు కూడా పెకలించారు. మట్టిని పట్టి ఉంచే వేళ్ళు పోయిన వాలు మీద అక్కడి వాన పడితే ఆగుతుందా? హైదరాబాదులో ఏడాది పొడుగునా కురిసే వానకంటే కాక్స్ బజార్‌లో ఒక్క జూలైలో కురిసేది ఎక్కువ. మట్టి రేణువుల మధ్య నీరు నిండాక వాటి మధ్య పట్టు సడలి, వాలు మొత్తం ముద్దగా కదిలి వస్తుంది. 2018 జూన్ నుంచీ దాదాపు ప్రతి వానాకాలంలోనూ కొండచరియలు విరిగిపడుతూనే ఉన్నాయి, గుడిసెల్లో నిద్రపోతున్నవాళ్ళను పొట్టన పెట్టుకుంటూనే ఉన్నాయి.

వాలును మెట్లుగా చెక్కి, నీటికి వేరే దారి చూపి, వెదురు కంచెలతో మట్టిని ఆపి, వట్టివేరు గడ్డి నాటారు. ఎండాకాలం మన కూలర్ల తడికల్లో వాడే వట్టివేరే. దాని వేళ్ళు పక్కలకు పాకకుండా నిలువుగా రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని కుట్టినట్టు పట్టేస్తాయి. 2018 నుంచి ఇంటింటికీ వంటగ్యాసు సిలిండర్లు, పొయ్యిలు ఇచ్చారు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు కూడా. కట్టెల కోసం అడవికి పోయేవాళ్ళు తగ్గారు, బోడి గుట్టల మీద పచ్చదనం మళ్ళీ కనిపించింది. నా దృష్టిలో ఆ శిబిరాల్లో జరిగిన అత్యుత్తమమైన పని ఈ గ్యాసు పంపిణీయే. అది పొగలో వండే ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్నీ కొండ మట్టినీ కట్టెలకు అడవిలోకి వెళ్ళే పిల్లల్నీ ఒకేసారి కాపాడింది.

నిప్పుకు ఇంత మంచి జవాబు దొరకలేదు. 2021 మార్చి 22న బాలుఖాలి వైపు అంటుకున్న మంట పదివేల గుడిసెల్ని బూడిద చేసింది. కనీసం 15 మంది చనిపోయారు, దాదాపు 45 వేలమంది రోడ్డున పడ్డారు. శిబిరాల చుట్టూ వేసిన ముళ్ళతీగ కంచెలు తప్పించుకోవడానికి అడ్డమయ్యాయని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. గుడిసెకూ గుడిసెకూ మధ్య కనీసం రెండు మీటర్లు, ప్రతి మూడు వందల మీటర్లకూ ముప్పై మీటర్ల ఖాళీ పట్టీ ఉండాలని ప్రమాణాల పుస్తకం చెబుతుంది. ఆ ఖాళీ పట్టీని నిప్పుగండి అనవచ్చు. మంట దాటలేనంత దూరమే దాని పని. కానీ తలకు పాతిక చదరపు మీటర్లయినా లేనిచోట ముప్పై మీటర్ల గండి ఎక్కడ తెగ్గొడతారు? ఎవరి గుడిసెలు తీసేస్తారు? 2023 మార్చి 5న మళ్ళీ రెండు వేల గుడిసెలు కాలిపోయాయి.

ఇటుకకు అనుమతి లేదు

మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. శిబిరాల్లో ఇటుక, సిమెంటులతో శాశ్వత కట్టడాలు కట్టడానికి బంగ్లాదేశ్ ప్రభుత్వం ఒప్పుకోదు. పక్కా ఇల్లు కట్టనిస్తే వచ్చినవాళ్ళు ఇక పోరన్న భయం దానికి. జానెడు ఇనుప పాదానికి అంత బతిమాలాట ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గుంజ ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది, ఈ మనుషులు ఎన్నేళ్ళుంటారన్న ప్రశ్నకు జవాబుగా మారిపోతుంది.

ఈ భయం బంగ్లాదేశ్‌కే పరిమితం కాదు. లెబనాన్‌లో సిరియా సరిహద్దు కొండల్లో ఉన్న అర్సాల్‌లో శీతాకాలం మంచు కురుస్తుంది. అక్కడి సిరియా శరణార్థులు చలి తట్టుకోవడానికి సిమెంటు దిమ్మెలతో గోడలు లేపుకుంటే, 2019లో మీటరుకు మించిన గోడలన్నీ కూల్చాలని ఆదేశం వచ్చింది. అయిదు వరసల దిమ్మెలు మాత్రం ఉంచుకోవచ్చు, ఆపైన కర్రా బరకమే. చాలా కుటుంబాలు తమ గోడలు తామే పగలగొట్టుకున్నాయి. జోర్డాన్‌లో సిరియా శరణార్థుల కోసమే 2012 జూలైలో తెరిచిన జాతరీ శిబిరం గుడారాలతో మొదలై తర్వాత రేకు గదులకు మారింది. ఆ గదుల్ని జనమే ఈడ్చుకెళ్ళి బంధువుల పక్కన పెట్టుకుని, నడుమ వాకిలి చేసుకుని, బజారు వీధి కూడా నిలబెట్టారు. రెండేళ్ళ తర్వాత అదే దేశంలో అజ్రక్ శిబిరాన్ని ముందే గీసిన నక్షా ప్రకారం వరసలు తీర్చి కట్టారు. జాతరీలో పుట్టినంత సందడి అక్కడ పుట్టలేదు.

అలాగని గట్టి గోడలిచ్చేస్తే సమస్య తీరిపోతుందా? దీనికీ బంగ్లాదేశ్‌లోనే ఉదాహరణ ఉంది. బంగాళాఖాతంలో ఒండ్రుమట్టితో ఈ మధ్యనే తేలిన భాసన్ చర్ దీవిలో లక్షమందికి సరిపడా సిమెంటు గదులు, చుట్టూ కట్ట, తుపాను షెల్టర్లు కట్టి, 2020 డిసెంబరు నుంచి రోహింగ్యాలను తరలించారు. ముప్పై వేల పైచిలుకు మంది వెళ్ళారు. గదులు కుటుపలాంగ్ గుడిసెలకంటే ఎంతో గట్టివి. అయినా అక్కడినుంచి పడవల్లో పారిపోతూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. పని లేదు, బంధువులు ఒడ్డున ఉండిపోయారు, దీవి దాటి వెళ్ళనివ్వరు.

ఎవరైనా తెలివైన ఇల్లొకటి కనిపెడితే పోతుంది కదా అనిపించడమూ సహజమే. కనిపెట్టారు. ఐకియా ఫౌండేషన్ సాయంతో స్వీడన్‌వాళ్ళు విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చే బెటర్ షెల్టర్ తయారుచేశారు. సరిగ్గా 17.5 చదరపు మీటర్లు, అంటే అయిదుగురికి మూడున్నర చొప్పున. సౌరదీపం, తాళం వేసుకునే తలుపు ఉన్నాయి. మంచి వస్తువే. 2015 చివర్లో జూరిక్ నగరంలో నిప్పు పరీక్షలో అది విఫలమైతే మార్పులు చేశారు. కానీ దాన్ని ఎక్కడ నిలబెట్టాలన్నా ముందు చోటుండాలి, అక్కడ నిలబెట్టనిచ్చేవాళ్ళుండాలి.

ఊళ్ళో ఉన్నవాళ్ళు

శరణార్థి అనగానే మనకు శిబిరం గుర్తొస్తుంది గానీ, ప్రపంచంలో నాలుగింట మూడొంతులమంది శరణార్థులు శిబిరాల బయటే ఉన్నారు. అద్దె గదుల్లో, సగం కట్టిన మేడల్లో, బంధువుల వసారాల్లో. 1971లో తూర్పు బెంగాల్ నుంచి మన దేశంలోకి వచ్చిన దాదాపు కోటిమందిలో 68 లక్షలమంది ఎనిమిది వందలకు పైగా శిబిరాల్లో ఉంటే, తక్కిన 31 లక్షలమందినీ చుట్టాలూ స్నేహితులూ తమ ఇళ్ళలో పెట్టుకున్నారు. అప్పట్లో కలకత్తా శివారు సాల్ట్ లేక్‌లో మురుగునీటి కోసం తెచ్చిన సిమెంటు గొట్టాల్లో కాపురాలు చేసిన ఫొటోలు లోకమంతా చూసింది. ఆ 31 లక్షలమందికి అన్నం పెట్టిన వంటిళ్ళను ఎవరూ ఫొటో తియ్యలేదు.

2017లోనూ సహాయ సంస్థల లారీలు రాకముందే రోహింగ్యాలకు అన్నం పెట్టి, తమ పెరళ్ళలో చోటిచ్చింది ఉఖియా, టెక్నాఫ్‌ల గ్రామస్థులే. తర్వాత వాళ్ళకు మిగిలిందేమిటి? సొంత ఊళ్ళో తామే తక్కువయ్యారు. కూలి రేట్లు పడిపోయాయి, కట్టెలు తెచ్చుకునే అడవి పోయింది, టెక్నాఫ్‌లో అసలే తక్కువగా ఉన్న మంచినీళ్ళు ఇంకా కరువయ్యాయి. కుటుపలాంగ్ ఏనుగులు తిరిగే దారిలో పడటంతో మొదటి ఏడాది రెండేళ్ళలోనే పన్నెండు మందికి పైగా వాటికింద పడి చనిపోయారు. తర్వాత కాపలా మంచెలు కట్టి, శరణార్థుల్నే కాపలాదారులుగా తయారుచేస్తే ఆ చావులు ఆగాయి. స్థానికుల కోపాన్ని దురభిమానమని కొట్టిపారెయ్యడం తప్పు. అందులో లెక్కకు అందే నష్టం ఉంది.

ఆ లెక్కను సరిచేసిన పద్ధతులూ ఉన్నాయి. లెబనాన్ ప్రభుత్వం సిరియా శరణార్థుల కోసం శిబిరాలు తెరవడానికి ఒప్పుకోలేదు. అక్కడ డబ్బు చాలక మధ్యలో ఆగిపోయిన ఇళ్ళు ఊరూరా ఉన్నాయి, శ్లాబు వేసి కిటికీలు లేనివి, గోడలు లేచి తలుపులు లేనివి. నార్వే శరణార్థి మండలి అనే సంస్థ ఆ యజమానుల దగ్గరికి వెళ్ళి, "కిటికీలు, తలుపులు, నీళ్ళు, కరెంటు మేం పెట్టిస్తాం, బదులుగా ఒక ఏడాది వరకు ఈ కుటుంబం దగ్గర అద్దె తీసుకోకండి" అని ఒప్పందం రాయించుకుంది. ఏడాది తర్వాత యజమానికి పూర్తయిన ఇల్లు మిగుల్తుంది. ఊరి మేస్త్రీకి, వడ్రంగికి పని దొరుకుతుంది. శరణార్థి కుటుంబానికి ఒక శీతాకాలం గోడల మధ్య గడుస్తుంది. ఏడాది నిండాక ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, నిజమే. అయినా బరకం మీద పెట్టిన డబ్బు చిరిగిపోతుంది, గోడ మీద పెట్టిన డబ్బు ఊళ్ళో ఉండిపోతుంది.

ఉగాండా ఇంకో దారి పట్టింది. 2016 ఆగస్టులో దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి వచ్చినవాళ్ళ కోసం తెరిచిన బిడిబిడిలో కుటుంబానికి 30 మీటర్లకు 30 మీటర్ల స్థలం ఇచ్చారు. ముందు కర్రలు, బరకం. తర్వాత మట్టి ఇటుకలు కోసుకుని, గడ్డి కప్పు వేసుకుని, పక్కన మొక్కజొన్న, కూరలు వేసుకున్నారు. వచ్చిన సాయంలో 30 శాతం చుట్టూ ఉన్న ఊళ్ళకు పోవాలన్నది అక్కడి నియమం. శరణార్థి కోసం తవ్విన బోరు దగ్గరికి స్థానికుడూ బిందె తీసుకుని రావచ్చు. ఉగాండాలోనూ చెట్లు నరికారు, సాయం తగ్గినప్పుడు ఆకలి వచ్చింది. కానీ మట్టి గోడ కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేకపోయింది.

నిలదొక్కుకోనిచ్చిన అనుభవం, నిలకడ లేని అనుభవం రెండూ మన దగ్గర కూడా ఉన్నాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు తెలంగాణలోని కాగజ్‌నగర్ ప్రాంతంలో పునరావాసం ఇచ్చి ఊళ్ళు కట్టించారు. వాళ్ళ మనవలు ఇప్పుడు తెలుగూ బెంగాలీ రెండూ మాట్లాడతారు. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ళ పేరుమీద విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది, క్యాంపన్న పేరు తప్ప అదిప్పుడు నగరంలో ఒక పేట. హైదరాబాదు అంచున బాలాపూర్ చుట్టుపక్కల ఉంటున్న కొన్ని వేలమంది రోహింగ్యాల పరిస్థితి అది కాదు. ప్రైవేటు ఖాళీ స్థలాల్లో అద్దె కట్టి, బొంగులతో, రేకులతో, పాత ఫ్లెక్సీలతో గుడిసెలు వేసుకున్నారు. కొందరు ఇరుకు గదుల్లో అద్దెకుంటున్నారు. 1951 శరణార్థి ఒప్పందంలో బంగ్లాదేశ్, జోర్డాన్, లెబనాన్‌లలాగే మన దేశం కూడా చేరలేదు కాబట్టి వాళ్ళ ఉనికికి చట్టంలో స్థిరమైన చోటు లేదు. స్థలం యజమాని ఎప్పుడు ఖాళీ చెయ్యమంటాడో తెలియని చోట ఎవరూ నేల ఎత్తు చెయ్యరు, కప్పు పైకి లేపరు, కాలువ తియ్యరు. ఒక్క ఏడాదికైనా ఖాళీ చేయించనన్న కాగితం యజమాని నుంచి రాయించి, బదులుగా ఆ స్థలంలో బోరు వేయించి, గుడిసెల మధ్య రెండు మీటర్ల సందు వదిలించి, మరుగుదొడ్లు కట్టిస్తే ఖర్చు కొద్దిలోనే అయిపోతుంది. ఆ బోరూ ఆ మరుగుదొడ్లూ యజమానికే మిగుల్తాయి.